ముప్పై ఆరు వాసాలు

నాకు నోటి దురుసు ఎక్కువ. ఈ మాట మా ఇంట్లోవాళ్ళే కాదు, చోడవరం మెయిన్ రోడ్డు మీద ఎరువుల షాపు మేడపైన నా ఆఫీసుందని తెలిసినవాళ్ళందరూ అంటారు. ప్లాను గీయించుకోవడానికి వచ్చేవాళ్ళు మెట్లెక్కుతూనే ఒకరికొకరు చెప్పుకుంటారు, "ఇంజినీరమ్మ పని మంచిదే, మాటే కొంచెం కారం" అని. పైనుంచి నాకు వినబడుతూనే ఉంటుంది. కారమే, కాదనను. కానీ నా నోటికి తాళం వేసిన మనిషి ఒకావిడ ఉంది. చీడికాడ వైపు ఒక ఊళ్ళో చుట్టింట్లో, అంటే గుండ్రటి పూరింట్లో, ఉంటుంది. ఆవిడ ఒక్క సామెతతో నా పరువు తీసి, ఒక తాడు ముక్కతోనూ తన కాలి మడమతోనూ నాకు ఇంజనీరింగ్ మళ్ళీ మొదటినుంచి నేర్పింది. ఆ సంగతి చెప్పాలంటే ముందు నా రెండు మార్కుల సంగతి చెప్పాలి.

కాలేజీలో మాకు కట్టడాల చరిత్ర అని ఒక పేపరు ఉండేది. అందులో మొదటి పాఠం ఆదిమ మానవుల నివాసాలు. మా మాస్టారు దాన్ని పావుగంటలో తేల్చేశారు. "గుహ, గుంట, గుడిసె. మూడు గ-లు గుర్తుపెట్టుకోండి, రెండు మార్కుల ప్రశ్న వస్తుంది" అన్నారు. మా వైపు గుంట అంటే గొయ్యి మాత్రమే కాదు, ఆడపిల్ల కూడా. వెనక బెంచీలోంచి ఎవడో లేచి నన్ను చూపించి, "గుంట ఇక్కడుందండీ" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. నేను వెనక్కి తిరిగి నాలుగు తిట్టాను. ఆ తిట్ల హడావిడిలో పుస్తకంలో బొమ్మ మాత్రం కంట్లో అలాగే ఉండిపోయింది. తెల్ల కాగితం మీద గుండ్రంగా పేర్చినట్టు నల్ల చుక్కలు, మధ్యలో ఒక పెద్ద చుక్క. వేల ఏళ్ళ కిందట ఎవరో పాతిన గుంజలు కుళ్ళి మట్టిలో కలిసిపోగా, వాటి గోతులు మాత్రం మట్టిరంగు మారి మిగిలాయిట. తవ్వినవాళ్ళు ఆ చుక్కలు చూసి ఇక్కడ ఇల్లుండేది అని చెప్పారుట.

పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. "ఆదిమ మానవునికి మూలలు కట్టడం తెలియదు కనుక ఇళ్ళు గుండ్రంగా కట్టుకునేవాడు" అని రాశాను. రెండుకి రెండు మార్కులు వేశారు. ఆ జవాబు తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

చదువయ్యాక చోడవరంలోనే బోర్డు పెట్టుకున్నాను. "ఇళ్ళ ప్లాన్లు గీయబడును" అని నీలం అక్షరాలు. మొదటి నాలుగేళ్ళూ నేను గీసినవన్నీ అగ్గిపెట్టెలే. తూర్పు ఫేసింగ్, రెండు బెడ్రూములు, ఈశాన్యంలో బోరు, ఆగ్నేయంలో వంటిల్లు, పైన స్లాబు. కె.కోటపాడులో గీసినదే మాడుగులలో గీసేదాన్ని, గేటు మాత్రం అటుది ఇటు మార్చి. వేసవిలో ఆ ఇళ్ళవాళ్ళు రాత్రిళ్ళు మేడ మీద నీళ్ళు చల్లుకుని పడుకుంటున్నామని చెబితే, ఎండలు అలా ఉన్నాయి మరి అనేదాన్ని. తప్పు ఎండదనే అప్పటి నా నమ్మకం.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున్న చీడికాడ వైపునుంచి ఐదారుగురు ఆడవాళ్ళు ఆటోలో దిగారు. మహిళా సంఘం వాళ్ళు. వాళ్ళ ముందు నిలబడ్డ లీడరు నలభై ఏళ్ళావిడ, మాట గట్టిది, చేతిలో మినిట్సు పుస్తకం. వాళ్ళు మీటింగులు పెట్టుకునే రేకుల షెడ్డు అంతకు ముందు తుఫానులో ఎగిరిపోయిందిట. ఒక రేకైతే రెండు పొలాలవతల చెరుకు తోటలో నిలువునా దిగబడి కనిపించిందిట.

"మాకు గది కావాల మేడమ్. ఈసారి ఎగిరిపోకూడదు. తుపానొస్తే పిల్లల్నీ ముసిలోల్నీ అందులోనే ఎట్టుకుంటాం. మట్టి మోత, నీల్ల మోత అన్నీ మావే. ప్లాను మీది," అంది లీడరు.

"స్లాబే కదా?" అన్నాను.

"స్లాబు కాకపోతే మరేటి?" అంది.

సైటు చూడ్డానికి మర్నాడు స్కూటీ మీద వెళ్ళాను. మే నెల. టేపు పట్టుకుని కొలతలు తీసుకునేసరికి మాడు పగిలిపోతోంది. కింద పడిపోతాననుకున్నారేమో, పక్కనే ఉన్న ఇంట్లోకి నన్ను లాక్కుపోయారు. ఆ ఊళ్ళో మిగిలిన ఒకే ఒక్క చుట్టిల్లు అది. సంఘంలో అందరికన్నా పెద్దావిడది. ఊరంతా ఆవిణ్ణి మామ్మ అనే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచాను. చూరు నా ఛాతీ ఎత్తులో ఉంది. నేను కొంచెమే వంగి వెళ్ళబోయి నుదురు కొట్టుకున్నాను.

"తల వంచమ్మా ఇంజినీరమ్మా. ఇది మీ ఆఫీసు కాదు," అంది లోపల్నుంచి.

తల వంచి లోపలికి వెళ్ళాను. వెళ్ళగానే ఒళ్ళు చల్లబడిపోయింది. ఫ్యాను లేదు. అసలు కరెంటు తీగే ఒక బల్బుకి తప్ప లేదు. మట్టి అలికిన నేల, గుండ్రటి మట్టి గోడ, మధ్యలో కప్పు మొత్తాన్ని మోస్తూ నిట్రాట. అంటే ఇంటి నడిమి స్తంభం. నున్నగా, చేతులు రాసి రాసి నల్లగా మెరుస్తోంది. మామ్మ నాకు చోడి అంబలి, అదే రాగి జావ, పోసి, ఉల్లిపాయ చితక్కొట్టి, మాగాయ ముక్క ఒకటి పక్కన పెట్టింది. రెండు గ్లాసులు తాగాను. తాగి నిట్రాటకి ఆనుకుని తల పైకెత్తాను. తాటి వాసాలు శిఖరం దగ్గర ఒక్కచోట కలిసి అక్కణ్ణుంచి చుట్టూ కిందికి పరుచుకుని ఉన్నాయి. మేకు ఒక్కటి లేదు, అన్నీ తాళ్ళ కట్లే. నాలో ఇంజనీరు లేచింది. పెన్సిలు తీసి, వేలు పైకి చూపిస్తూ పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. "ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు..."

"ఒసే గుంటా!" అన్న అరుపుకి పెన్సిలు కింద పడింది. మామ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నా ఎదురుగా నిలబడింది. "అంబలి ఇంకా మూతి మీదే ఉంది. తిన్నింటి వాసాలు లెక్కెడతన్నావేటే?"

గుమ్మంలో ఉన్న ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. తిన్న ఇంటికే ద్రోహం తలపెట్టేవాణ్ణి చిన్నప్పట్నుంచీ నేనే ఎన్నిసార్లు ఆ మాటని దెప్పానో. ఆ మాటలో ఉన్నట్టు నిజంగా, అక్షరాలా, వేలు పెట్టి లెక్కపెట్టినదాన్ని మాత్రం నేను ఒక్కర్తినే అయ్యుంటాను. నా నోరు మొదటిసారి పడిపోయింది. లెక్క ఇరవై మూడు దగ్గర ఆగిపోయింది.

మామ్మ కూడా నవ్వేసింది. "ఎందుకే లెక్క?" అంది.

"ఆ తుఫానుకి రేకుల షెడ్డు ఎగిరిపోయింది కదా మామ్మా, ఇది ఎందుకు ఎగరలేదా అని."

"గాలికి పట్టు దొరకాల కదా ఎగరెయ్యడానికి? గోడకి మూలుంటే గాలి దాన్నట్టుకుని లాగుతాది. దీనికి మూలేది? సుట్టూ తిరిగి తిరిగి ఎల్లిపోద్ది," అంది, గాలి ఎవరో పక్కింటి మనిషైనట్టు.

నాకు వెంటనే నా రెండు మార్కులు గుర్తొచ్చాయి. మూలలు కట్టడం తెలియకట!

ఆఫీసుకొచ్చి మూడు రోజులు కూర్చుని స్లాబు ప్లాను చింపేసి గుండ్రటిది గీశాను. గుండ్రటి మట్టి గోడ, అడుగున సిమెంటుతో రాతి పునాది, గోడ తల చుట్టూ కాంక్రీటు బెల్టు, గోడ బయట చూరుని మోయడానికి చుట్టూ గుంజలు, మధ్యలో నిట్రాట, పైన తాటి వాసాలు, గడ్డి కప్పు. పాత పద్ధతికి నా చదువు జోడించాననుకుని మురిసిపోయాను. ప్లాను పట్టుకెళ్ళి సంఘం ముందు పరిచాను. లీడరు మొహం ఎర్రబడింది.

"గుడిసెల్లోంచి బైటపడ్డానికి మా అమ్మా నాన్నల బతుకులన్నీ అయిపోనాయి మేడమ్. మల్లీ గుడిసేటి? మీరుండేది స్లాబింట్లో. మాకేమో గడ్డా?"

నేను ఎండ గురించి, గాలి గురించి, పెద్ద పెద్ద ఊళ్ళలో ఇప్పుడు ఎంతెంత చదువుకున్నవాళ్ళు మట్టి గోడలకీ గుండ్రటి కప్పులకీ తిరిగి వస్తున్నారో చెప్పాను. వాళ్ళ మొహాల్లో ఏ మార్పూ లేదు. ఇంకొకావిడ వేలు ప్లాను మీద తిప్పి తిప్పి, "ఇందులో ఈశాన్నం ఏదమ్మా?" అంది. నిజమే, వృత్తంలో ఈశాన్యం మూల ఎక్కణ్ణుంచి తేను?

అప్పుడు మామ్మ లేచింది. అంతసేపూ గోడకి ఆనుకుని వక్క నములుతోంది.

"మా ఆయన పోయినప్పుడు నాకు ఈ గుంటంత ఈడు కూడా నేదు," అంది నన్ను చూపిస్తూ. "అత్తోరింట్లో పడమటి మూల సాపేసి కూకోబెట్టేరు. ఏడాది. ఎవులూ నా వేపు సూడకూడదు, నాను ఎవులెదుటా పడకూడదు. ఆ మూల గోడకి ఎన్ని పగుళ్ళున్నాయో ఇప్పుడు నిద్దట్లో లేపినా సెప్తాను. ఏడాది తిరిగేక లేచేను. మా నాన్నిచ్చిన జాగాలో తాడట్టుకుని నిలబడ్డాను. ఎలాగ కడతావే అన్నారు. మూల నేకుండా కట్టుకుంటానన్నాను."

లీడరు మినిట్సు పుస్తకం పక్కన పెట్టింది.

"మన మీటింగులప్పుడు సూడండి," అంది మళ్ళీ. "ముందు కూకునేవోలు ఎప్పుడూ ముందే. ఆ సివర ఈదోలు ఎప్పుడూ తలుపు మూలే. ఆలు నోరు తెరవడం మీరెప్పుడైనా ఇన్నారా? మూలంటూ ఉంటే అందులోకి ఎవుల్నో ఒకల్ని తొయ్యాల. ఇందులో తొయ్యడానికి జాగా నేదు."

చివరి వీధి ఆడవాళ్ళు నలుగురు ఆ రోజు కూడా తలుపు పక్కనే కూర్చున్నారు. అందులో ఒకావిడ గొంతు సవరించుకుని, "నాకు ఇదే నచ్చింది," అంది. సంఘంలో ఆవిడ మాట్లాడగా వినడం అదే మొదటిసారిట. తర్వాత లీడరే నాకు చెప్పింది.

లీడరు ఇంకొక అడ్డుపుల్ల వేసింది. "చూరు అంత కిందికుంటే రేపు ఆఫీసరొచ్చినా తల వంచుకుని రావాల కదా?"

"రానీ. ఒక్కసారైనా వంచుతాడు," అంది మామ్మ.

నవ్వులు అయ్యాక మినిట్సు పుస్తకంలో రాసుకున్నారు. ఒక్క షరతు పెట్టారు. తుఫానుకి ఈ గది ఎగిరిపోతే మళ్ళీ మట్టి మోయడానికి మాకు ఒంట్లో ఓపిక లేదు, మీ బోర్డు మీరే పీకేసుకోవాల అన్నారు. ఒప్పుకున్నాను. చోడవరంలో ఆ మాట నాకన్నా ముందే చేరింది. ఎరువుల షాపులో కూర్చున్నవాళ్ళు నన్ను చూసి, "ఏటి మేడమ్, గుడిసెలు గీస్తన్నారట?" అని పలకరించేవాళ్ళు. ఒక పెళ్ళి ఇంట్లో నా ఎదురుగానే ఒకాయన ఇంజనీరింగ్ చదివించి లాభమేమిటన్నాడు. పెళ్ళి కాబట్టి ఊరుకున్నాను, లేకపోతే అన్నం ముందునుంచి లేపేసేదాన్ని.

మేస్త్రి మరో తగువు. చేతి పనిలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. మొదటి రోజు తన మూలమట్టం, అదే మూల సరిగ్గా తిరిగిందో లేదో చూసుకునే పరికరం, పట్టుకొచ్చి సైటు మధ్యలో నిలబడ్డాడు.

"మూల నేకపోతే దీన్నెక్కడెట్టాలమ్మా?"

"ఇంట్లో పెట్టు," అన్నాను. "చెరుకు ఫ్యాక్టరీ పొగగొట్టానికి మూలలున్నాయా? మీ ఊరి నీళ్ళ ట్యాంకుకి ఉన్నాయా?"

"అవి ఇళ్ళేటమ్మా?"

"ఎత్తుగా గాలికి నిలబడాల్సినవన్నీ గుండ్రంగానే కడుతున్నాం కదా? ఇల్లేం పాపం చేసింది?"

మేస్త్రి తల గోక్కున్నాడు. వాస్తు చూసే పంతులుగారిని కూడా ఎవరో తీసుకొచ్చారు. ఆయన దిక్సూచి పట్టుకుని ముగ్గు పోయబోయే చోట చుట్టూ రెండుసార్లు తిరిగి, నుదుటి చెమట తుడుచుకుని, "దోషం పెట్టడానికైనా మూలంటూ ఉండాలి కదమ్మా. కట్టుకోండి," అని వెళ్ళిపోయారు.

ముగ్గు నా టేపుతో పోద్దామనుకున్నాను. మామ్మ టేపు పక్కకి తోసేసి, మధ్యలో మేకు దిగ్గొట్టించి, దానికి తాడు కట్టింది. ఒక పొడుగాటి మనిషిని నేల మీద పడుకోబెట్టి, చెయ్యి తలపైకి చాపించి, అలాంటి రెండు పొడుగులు కొలిచి తాడు తెంపింది. గోడ వైపు తల పెట్టి పడుకుంటే కాళ్ళవతల మరో మనిషి నడవడానికి దారి ఉండాలిట, అదీ లెక్క. తర్వాత తాడు బిగించి పట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ మడమతో మట్టిలో గీత గీసింది. ఆ వయసులో, ఎండలో, ఒక్కచోట కూడా ఆగలేదు. గీత మొదలైన చోటికే వచ్చి కలిసింది. నేను టేపుతో నాలుగు వైపులా కొలిచి చూశాను. బెత్తెడు తేడా లేదు.

రెండో రోజు సాయంత్రానికి గుంజలకి గోతులు తవ్వడం అయింది. నీళ్ళు తాగుదామని పక్కనున్న కాలవ గట్టెక్కి వెనక్కి చూశాను. చేతిలో సీసా చేతిలోనే ఉండిపోయింది. ఎర్రమట్టిలో గుండ్రంగా నల్లటి గోతులు, మధ్యలో నిట్రాటకి పెద్ద గొయ్యి. నా పుస్తకంలో బొమ్మ. అచ్చం అదే. వేల ఏళ్ళ కిందట కూడా ఎవరో ఒక ఆడమనిషి తాడు పట్టుకుని ఇలాగే వెనక్కి నడిచి ఉంటుంది, ఎవడో ఒకడు పక్కన నిలబడి ఇదేం పద్ధతని సణిగి ఉంటాడు. నాకు ఒళ్ళు పులకరించింది. గుహ, గుంట, గుడిసె అని మేము పావుగంటలో దాటేసిన మనుషులు ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు గొప్ప గొప్ప స్టేడియాల మీద గుండ్రంగా పరుస్తున్న కప్పుల్లో, చల్లదనం కోసం పెద్ద చదువులవాళ్ళు మళ్ళీ లేపుతున్న మట్టి గోడల్లో వాళ్ళే ఉన్నారు. వాళ్ళకి మూలలు కట్టడం తెలియదని రాసి నేను రెండుకి రెండు మార్కులు తెచ్చుకున్నాను. గట్టు మీద ఒక్కదాన్నీ పకపకా నవ్వుకున్నాను.

అంత తెలిశాక కూడా తప్పు చేశాను చూడండి, అదీ నా పొగరు. గోడలు లేచాయి, కప్పు దగ్గరికొచ్చాం. ఆఫీసరు తల వంచాలన్న లీడరు మాట పట్టుకుని నేను ప్లానులో చూరు ఏడడుగులకి ఎత్తేశాను, వాసాలు ముప్పై రెండు. మామ్మ చూసి, "కిందికి దించు" అంది. మనుషులు నిటారుగా నడిచి రావాలి మామ్మా, ఇది గౌరవం విషయం అన్నాను. "గాలికి గౌరవం తెలీదే" అంది. అప్పుడు నా నోరు జారింది. అందరి ముందూ, "చదువుకున్నది నేనా, నువ్వా?" అన్నాను.

మామ్మ నడుముకి చుట్టుకున్న తాడు విప్పి మేస్త్రి చేతిలో పెట్టి ఇంటికి వెళ్ళిపోయింది. మర్నాటినుంచి సైటుకి రాలేదు.

వారం తిరక్కుండా, కప్పు సగం నేసి ఉండగా ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చింది. తుఫాను కూడా కాదు, ఉత్త తొలకరి గాలివాన. ఎత్తు చూరు కింద గాలి దూరింది, కప్పుని లోపల్నుంచి పైకి పొడిచింది. నా కళ్ళ ముందే గడ్డి కట్టలు కట్టలుగా లేచి చెరుకు తోటలో పడింది. ఆరు వాసాలు ఊడి వచ్చాయి. ఆడవాళ్ళు తడుస్తూ నిలబడి చూస్తున్నారు. ఒక్కళ్ళూ నన్ను తిట్టలేదు, తిడితే బాగుండేది. మేస్త్రి మాత్రం నెమ్మదిగా అన్నాడు, "ఆ బోర్డు నాకిచ్చేయండమ్మా. ఇసక తడవకుండా కప్పుకుంటాను." నాకు కోపం రాలేదు. భయం వేసింది. నా బోర్డు సంగతి అటుంచితే, తలుపు మూలనుంచి లేచి నాకు ఇదే నచ్చిందన్న ఆవిడ అప్పుడు నా వైపే చూస్తోంది.

మర్నాడు మాడుగుల హల్వా పొట్లం పట్టుకుని మామ్మ ఇంటికి వెళ్ళాను. చూరు దగ్గర తల వంచాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని తాడు పేనుతోంది.

"తీపెట్టి తప్పించుకుందావనా?" అంది, తలెత్తకుండానే.

"తప్పు నాదే మామ్మా. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే చెబుతాను. నువ్వు రా."

"తల వంచడం అంత కట్టమేటే?"

"కష్టం కాదు, అలవాటు లేదు."

ఆవిడ పొట్లం విప్పి, హల్వా ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది. నా ప్రాణాలు నమిలినట్టే ఉంది. చివరికి పేనిన తాడు చుట్ట నా చేతికిచ్చి లేచింది. సంఘం అందరి ముందూ నేను తప్పు ఒప్పుకున్నాను. ఆ మాట మినిట్సు పుస్తకంలో కూడా రాయమన్నాను, రాశారు. గుంజలు కోయించి చూరు ఛాతీ ఎత్తుకి దించాం, కప్పు వాలు పెంచాం. శిఖరం దగ్గర నేను తెచ్చిన బోల్టులు కూడా మామ్మ వద్దంది. "బిగించేస్తే గాలికి కదల్దు. కదల్నిది ఇరుగుతాది. తాడైతే ఊగి ఊరుకుంటాది." ఈసారి ఎదురు చెప్పలేదు. వాసాల దగ్గర మాత్రం ముప్పై రెండు చాలు కదా అన్నాను.

"ముప్పై ఆరెయ్యి."

"ఎందుకు మామ్మా?"

"ఎయ్యన్నానా?"

వేశాం.

ఆ ఏడు శీతాకాలం ముందు తుఫాను రానే వచ్చింది. పొద్దున్న మొదలై రోజంతా కొట్టింది. చోడవరంలో మా ఆఫీసు కిటికీ అద్దాలు రాలాయి, కింద బోర్డు ఒక పక్క ఊడి వేలాడుతూ గోడకి కొట్టుకుంటూ ఉంది. ఫోన్లు పనిచెయ్యలేదు. మర్నాడు పొద్దున్న వాన తగ్గీ తగ్గగానే స్కూటీ తీశాను. దారంతా చెట్లు. దిగి, తోసి, ఎక్కి, మళ్ళీ దిగి వెళ్ళాను. చెరుకంతా నేలకి పడుకుని ఉంది. ఒక స్లాబింటి పిట్టగోడ రోడ్డు మీద ఉంది, ఆ ప్లాను నేను గీసిందే. ఊరు మొదట్లో ఒక పశువుల షెడ్డు రేకులు కరెంటు స్తంభానికి చుట్టుకుని ఉన్నాయి. మలుపు తిరగడానికి ధైర్యం చాలక ఒక్క నిమిషం అలాగే స్కూటీ మీద కూర్చున్నాను.

తిరిగాను. ఉంది!

తడిసి, నల్లబడి, కాలవ నీళ్ళ పక్కన హాయిగా కూర్చుని ఉంది. చూరు అంచున గడ్డి కొంచెం చెదిరింది, అంతే. గుమ్మం ముందు మూడు రాళ్ళ పొయ్యి మీద పెద్ద డేగిసా, ఉప్మా వాసన, పొగ, లోపల్నుంచి పిల్లల గోల. నేను స్కూటీ స్టాండు కూడా వెయ్యలేదు, అది ఎటు పడిపోయిందో కూడా చూడలేదు. పరిగెత్తి, తల వంచి లోపలికి దూరాను. గోడ చుట్టూ ఊళ్ళో సగం మంది కూర్చుని ఉన్నారు. బాలింత ఒకావిడ నిట్రాటకి ఆనుకుని బిడ్డకి పాలిస్తోంది. చివరి వీధివాళ్ళు ఎక్కడ కూర్చున్నారో చూద్దామనుకున్నాను, చెప్పడం కుదరలేదు. అందరూ ఒక్క వరసే.

"నిన్నంతా ఊగింది మేడమ్! ఉయ్యాల్లా ఊగింది. పడనేదు!" అని లీడరు నన్ను కౌగిలించుకుని ఏడ్చేసింది. గుడిసేటి అన్న మనిషే. నాకూ కళ్ళు నిండాయి. గెలిచాం అనిపించింది, నేనొక్కర్తినే కాదు, ఆ గోతులు తవ్వినవాళ్ళందరం, ఎప్పటివాళ్ళమో అందరం.

మామ్మ విస్తట్లో ఉప్మా పెట్టి నా చేతిలో పెట్టింది. తిన్నాను. తిని తల పైకెత్తానో లేదో, చప్పున దించేసుకున్నాను.

"ఏటలా దించేసేవు? లెక్కెట్టు," అంది మామ్మ.

"తిన్నింటి వాసాలా?"

"నువ్వు కట్టిన ఇంటివే. తిన్నిల్లు ఎలాగవుద్దే? గట్టిగా లెక్కెట్టు, అందరూ ఇంటారు."

వేలు పెట్టి మొదలుపెట్టాను. పదికి వచ్చేసరికి పిల్లలు అందుకున్నారు, ఇరవైకి ఆడవాళ్ళు. ఇరవై మూడు దగ్గర నేను అలవాటుగా ఆగాను. మామ్మ కళ్ళురిమింది. ముప్పై నాలుగు, ముప్పై ఐదు, ముప్పై ఆరు. ఒక్కటి కూడా కదల్లేదు. గది మొత్తం చప్పట్లు కొట్టింది.

"ఇప్పుడైనా చెప్పు మామ్మా. ముప్పై ఆరే ఎందుకు?"

ఆవిడ కాస్త సిగ్గుపడింది. ఆవిడ సిగ్గుపడగా చూడ్డం అదే మొదటిసారి. "మా ఇంటివి ముప్పై ఆరు. ఆ రోజు నిన్ను తిట్టేసేనా, నువ్వెల్లిపోయేక మనసొప్పక నానే పడుకుని లెక్కెట్టేను. నా ఇంటి వాసాలు నాను లెక్కెట్టుకుంటే తప్పేటి?"

తప్పేమీ లేదు మామ్మా అని ఖాళీ విస్తరి మళ్ళీ ఆవిడ ముందుకి చాపాను.

వారం తర్వాత మా ఆఫీసు ముందు నిచ్చెన వేసుకుని పెయింటరు ఊడిన బోర్డు సరిచేస్తుంటే, నీలం అక్షరాల కింద ఇంకో వరస రాయించాను: "మూలలు లేనివి కూడా." ఎరువుల షాపువాళ్ళు బయటికొచ్చి చదివారు. ఒక్కరూ నవ్వలేదు. కింద నిచ్చెన పట్టుకుని నిలబడింది మేస్త్రి. బోర్డు ఇసక మీద కప్పుకుంటానన్న మనిషి, పెయింటరు డబ్బా మూత పెట్టబోతుంటే ఆపి, "నా పేరు కూడా కింద సిన్నగా రాయించండమ్మా," అన్నాడు.